చేయి పెట్టకుండా కదిలిన బాణం

మా పక్కింటి పిల్ల కంప్యూటర్ సర్వీసింగ్ కోర్సులో చేరింది. చేరిన రోజే స్వీటు పట్టుకొచ్చి, "అక్కా, నువ్వు గూడ గీ పనే జేసినవట గద, ఎట్లుంటది?" అని అడిగింది. స్వీటు నోట్లో ఉండగా నిజం చెప్పబుద్ధి కాలేదు. "మంచిగుంటది" అనేశాను. ఆ మాట అప్పట్నుంచీ గొంతులో అడ్డంపడే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. తనకూ, తనలాగే ఈ పనిలోకి వస్తున్న ఆడపిల్లలకూ.

నాది పెద్ద చదువేం కాదు. ఇంటర్, అదీ సప్లిమెంటరీ రాసి గట్టెక్కాను. మాది రఘునాథపల్లి. జనగామలో ఒక కంప్యూటర్ దుకాణంలో కొన్నేళ్లు పనిచేశాను. ఇళ్లకు పోయి మెషిన్లు చూసిరావడం నా పని. ఇప్పుడు పెళ్లై భూపాలపల్లిలో ఉంటున్నాను, జాకెట్లు కుడుతున్నాను. ముప్పై నిండకుండానే రిటైరైన దాన్ని. నవ్వుకుంటే నవ్వుకోండి.

అసలు పని ఏమిటంటే

కోర్సులో మీకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పుతారు, ర్యాము తీసి పెట్టడం నేర్పుతారు. మంచిదే. కానీ నాకు వచ్చిన ఫోన్లలో సగానికి సగం ఒకే మాట. "మేడం, మా మెషిన్‌ల ఏదో కొత్తది కనబడ్తుంది. మేమైతే ఏం బెట్టలే."

ఆ కొత్తది ఎవరో చెప్పడమే మన పని. మీ ఇంటి అరుగు మీద ముక్కూ మొహం తెలియని మనిషి కూర్చుంటే ఏం అడుగుతారు? ఎవరు నువ్వు, ఎప్పుడొచ్చినవ్, ఎవరు పంపిన్రు, ఎవరితో మాట్లాడుతున్నవ్. సాఫ్ట్‌వేర్‌ను కూడా అదే అడగాలి. ప్రోగ్రాముల జాబితా తెరిచి, తేదీల వారీగా సర్దితే ఎప్పుడు వచ్చిందో తెలుస్తుంది. తయారు చేసినవాళ్ల పేరు ఉందో లేదో చూడాలి. ఏ ఫోల్డర్‌లో కూర్చుందో చూడాలి. మెషిన్ ఆన్ చేయగానే తనంతట తానే లేస్తోందా, నెట్ వాడుకుంటోందా చూడాలి. ఇక ఆ ఇంట్లోవాళ్లను అడగాలి: ఆ తేదీన ఇంటికి ఎవరొచ్చారు, ఏం డౌన్‌లోడ్ చేశారు? పుస్తకంలో లేనిది ఈ చివరిదే. సగం జవాబులు అక్కడే దొరుకుతాయి.

మా ఊళ్లోనే రిటైరైన పంతులు ఒకాయన ఉండేవాడు. ఆయన మెషిన్‌లో నాలుగైదు రకాల 'క్లీనర్లు' చేరాయి. ఒక్కోటీ లేచి, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది అని ఎర్ర అక్షరాల్లో అరిచేది. "సార్, వీటిని ఎవరు పెట్టిన్రు?" అంటే, "నేనే పెట్టిన బిడ్డా. ఒకటి వైరస్ ఉందన్నది, దాన్ని తీసెయ్యడానికి ఇంకోటి పెట్టిన, అది గూడ ఉందన్నది" అన్నాడు. జీవితమంతా పిల్లలకు పాఠం చదివి అర్థం చేసుకోండిరా అని చెప్పినాయన, 'నెక్స్ట్' కనబడితే చాలు చదవకుండా నొక్కేశాడు. ఆయన్ని ఏమనగలం, అందరమూ అట్లాగే నొక్కుతాం.

దీనికి తలకిందులైన కథ కూడా ఉంది. ఒకాయన పేరు తెలియలేదని దేన్నో తీసేశాడు. అది సౌండు వచ్చేలా చేసే ప్రోగ్రామ్. కూతురి పెళ్లి వీడియో పెట్టుకుంటే డోలు కొట్టేవాళ్ల చేతులు ఆడుతున్నాయి, చప్పుడు లేదు. నాకు ఫోన్ చేసి, "గీ వీడియో తీసినోడు మోసం జేసిండమ్మా" అన్నాడు. కొత్త పేరు కనబడగానే దొంగ అనుకోవద్దు. ఆ మాట ఈయన దగ్గర నేర్చుకున్నాను. తెలిసిన పేరు కనబడితే ఏమనుకోవాలో మాత్రం తర్వాత నేర్చుకున్నాను. అది చాలా చేదుగా నేర్చుకున్నాను.

మా సేటు

దుకాణం ఓనర్ని అందరం సేటు అనేవాళ్లం. చెడ్డ మనిషి అని ఒక్క ముక్కలో తేల్చేయలేను. పండక్కి చీర పెట్టేవాడు. నేను ఇళ్లకు తిరగడం చూసి ఎవరైనా వెకిలిగా మాట్లాడితే, "మా పిల్లను అంటె నన్నన్నట్టే" అని లేచేవాడు. కానీ పనిలో ఆయనకు తెలిసిన మందు ఒక్కటే. ఫార్మాట్. మెషిన్‌లో ఉన్నదంతా తుడిచేసి మొదట్నుంచీ ఎక్కించడం.

"సేటూ, గా ఇంట్ల ఏదో తెల్వని ప్రోగ్రామ్ ఉంది, ఏందో చూస్త" అంటే, "నువ్వేమన్న పోలీసువా దర్యాప్తు జేయనీకి? ఫార్మాట్ కొట్టి రా" అనేవాడు.

"గా ఇంటోళ్ల ఫోటోలు పోతయి గద."

"ఫోటోలు మల్ల దిగుతరు."

చనిపోయినవాళ్లు మళ్లీ ఎట్లా దిగుతారో ఆయనెప్పుడూ చెప్పలేదు.

ఆయనకున్న పేరు మాత్రం ఇంకో పనికి. మేము అమ్మిన ఏ మెషిన్ అయినా సరే, ఆయన జనగామలో కుర్చీలో కూర్చునే బాగుచేసేవాడు. దేవరుప్పుల నుంచి ఫోన్ వస్తే, "నెట్ పెట్టు, చేతులు తియ్" అనేవాడు. అక్కడ స్క్రీన్ మీద బాణం తనంతట తానే కదిలి, అటూ ఇటూ తిరిగి, పని చేసి ఆగిపోయేది. జనం దాన్ని మహిమ అన్నట్టే చెప్పుకునేవాళ్లు. "గా సేటు కూసున్న కాడ్నుంచే బాగుజేస్తడు" అని ఆ పేరు మీదే మా దగ్గర కొనేవాళ్లు.

దూరం నుంచి మెషిన్‌ను నడిపే ప్రోగ్రాములు ఉంటాయని మీకు కోర్సులో చెప్తారు. వాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి, అవతలివాడు వస్తున్నాడు, రానివ్వాలా అని మెషిన్ ముందున్నవాళ్లను అడుగుతుంది. రెండోది అడగదు. పాస్‌వర్డ్ తెలిస్తే చాలు, ఎప్పుడంటే అప్పుడు లోపలికి వస్తుంది. మా దుకాణంలో వాడేది మొదటి రకమనే నేను అనుకున్నాను. కొత్త మెషిన్లలో ప్రోగ్రాములు ఎక్కించేది సేటే. వెనక గదిలో, తన డ్రైవ్ నుంచి. మమ్మల్ని అందులోకి రానిచ్చేవాడు కాదు.

తండాలో

దేవరుప్పుల అవతల ఒక తండా. అక్కడ సునీత అనే పిల్ల. డిగ్రీ అయిపోయింది. ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు వింటూ ఉద్యోగ పరీక్షకు చదువుకుంటోంది. వాళ్లన్న రవి హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. అతనే మా దుకాణంలో ఆ మెషిన్, కెమెరాతో సహా కొనిచ్చాడు. ఆ నెల గడిస్తే సునీతను హన్మకొండ హాస్టల్‌లో పెట్టి కోచింగ్ ఇప్పించడానికి వాళ్ల నాయిన ఒప్పుకున్నాడు. ఆ తండా నుంచి చదువు కోసం ఒంటరిగా బయట ఉండబోయే మొదటి ఆడపిల్ల తను.

అప్పుడే రవి ఫోన్ చేశాడు. "అక్కా, ఇంట్ల లొల్లి అయితుంది. మెషిన్‌ల ఎవడో మా చెల్లె పేరు రాస్తుండట. మా చిన్నాయన సదివి అందరికి జెప్పిండు. చెల్లెకు ఎవడితోనో ఉన్నదని మా నాయిన అన్నం దింటలేడు. జర పోయి చూడరాదు."

సేటుకు చెప్తే, "ఫార్మాట్ కొట్టి రా" అన్నాడు. ఎప్పటి మాటే.

నేను పోయేసరికి మెషిన్ మీద అద్దాలు కుట్టిన గుడ్డ కప్పి ఉంది. అది సునీత వాళ్లమ్మ కుట్టిందట. సీపీయూ డబ్బా నెత్తిన కూడా దిష్టికి చిన్న అద్దం ముక్క అంటించింది. వాళ్ల నాయిన మంచం మీద కూర్చుని నా వైపు కూడా చూడలేదు. తల్లీ తండ్రీ వాళ్ల లంబాడీ భాషలో ఏదో అనుకుంటున్నారు. నాకు ముక్క అర్థం కాలేదు. కానీ లొల్లి ఏ భాషలో ఐనా తెలుస్తుంది కదా.

"బాపు, నేను చూస్త. కొంచెం టైం ఇయ్యి" అన్నాను.

"చూసుడేంది బిడ్డా. తీసుకపో దాన్ని" అన్నాడు.

సునీతను పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఎప్పుడొస్తడు?"

"క్లాసు షురువయ్యే యాల్లకు. బాణం దానంతటదే కదుల్తది. నోట్‌ప్యాడ్ తెరుస్తడు. ఏం జేస్తున్నవ్ అని రాస్తడు. నేను ఒక్కసారి గూడ జవాబు రాయలేదక్కా. మా అమ్మ మీద ఒట్టు."

"మల్ల ఎవలికి చెప్పలేదేంది?"

"చెప్తె మెషిన్ తీసేస్తరు. హన్మకొండ పోవుడు ఆగిపోతది. వారం పదిరోజులు ఓర్సుకుంటె హాస్టల్‌కు పోత గద అనుకున్న."

గుడ్డ తీసి మెషిన్ ఆన్ చేసి, జాబితా తెరిచి తేదీలు చూశాను. కొత్తగా వచ్చింది ఏమీ లేదు. ఆమె వీడియో ప్లేయర్ ఒకటి, క్లాసులది ఒకటి పెట్టుకుంది. మిగతావన్నీ మెషిన్ కొన్న రోజువే. అంటే దొంగ తర్వాత రాలేదు. మెషిన్‌తో పాటే వచ్చాడు.

ఇటువంటప్పుడు మామూలుగా ముందు నెట్ పీకేయమంటాను. ఆ రోజు మాత్రం పీకలేదు. ఆ ఇంట్లో కావాల్సింది ప్రోగ్రామ్ పేరు కాదు. ఆ పిల్ల చేయి అందులో లేదని తెలియడం.

తల్లి చేతుల్లో

క్లాసు వేళయింది. క్లాసు పెట్టాను. సునీత ఎప్పట్లాగే ముందు కూర్చుంది. "నీ రెండు చేతులు మీ అమ్మ చేతులల్ల పెట్టు" అన్నాను. వాళ్లమ్మ గట్టిగా పట్టుకుంది. "బాపు, నువ్వు జర గిటు రా. స్క్రీన్ చూడకు, మీ బిడ్డ చేతులు చూడు" అన్నాను. ఆయన వచ్చి మెషిన్ పక్కన నిలబడ్డాడు. నేను మౌసుకు దూరంగా జరిగాను.

చాలాసేపు ఏమీ కాలేదు. "ఇయ్యాల రాడేమో" అంది సునీత. అంతలోనే బాణం కదిలింది.

నోట్‌ప్యాడ్ తెరుచుకుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు ఒక్కో ముక్కా పడుతోంది. సునీత తల దించుకుంది. వాళ్లమ్మ ఆ చేతుల్ని వదల్లేదు.

"ఏం రాసిండు?" అన్నాడు వాళ్ల నాయిన. ఆయనకు చదువు రాదు.

సునీత నా వైపు చూసింది. చదవొద్దన్నట్టే చూసింది. నేను చదివాను. "పచ్చ డ్రెస్సు మంచిగుంది. పక్కపొంటి ఉన్నదెవరు? మీ అమ్మనా?"

కెమెరాను గోడ వైపు తిప్పాను. చదివినందుకు నేను బాధపడను. చదవకపోతే, ఆ రాతలో ఏముందో ఎవరి నోటికి వచ్చినట్టు వాళ్లు చెప్పుకునేవాళ్లు.

అప్పుడు చూశాను స్క్రీన్ మూలన చిన్న డబ్బా. లోపలికి వచ్చినవాడి పేరు అందులో ఉంటుంది. అది మా దుకాణం పేరు.

"గిది రోజూ వస్తదా?" అని సునీతను అడిగాను.

"వస్తది. మీ షాపు పేరే గదక్కా, మీ షాపుదే ఏదో ఉంటది, మంచిదే అనుకున్న."

పిల్లలూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను చూసినన్ని మెషిన్లలో ఇంతకంటే భయపెట్టిన మాట ఇంకోటి వినలేదు. తెలియని పేరైతే నాలాంటిదాన్ని పిలుస్తారు. తెలిసిన పేరైతే తలుపు తీసి పెడతారు.

బాగైంది

ఆ డబ్బా మీద నొక్కి వాడిని బయటికి పంపించి సేటుకు ఫోన్ చేశాను.

"సేటూ, మన ప్రోగ్రామే. అడగకుండనే లోపలికి వస్తుంది. మీరు చేస్తున్నరా?"

"నాకేం పని? గా పాస్‌వర్డ్ ఇక్కడ పనిజేసిపోయిన పోరగాళ్లందరికి ఎరుక. ఏ ఎదవనో అయి ఉంటడు."

"అన్ని మెషిన్లకు ఒకటే పాస్‌వర్డా?"

"మల్ల ఇంటికొకటి యాదికి పెట్టుకోవాల్నా? సరే గని నెట్ ఉంది గద. చేతులు తియ్."

నేను ఇంకేదో అనేలోపే బాణం మళ్లీ కదిలింది. ఈసారి కూడా ఎవర్నీ అడగలేదు. మా అందరి కళ్ల ముందే జాబితా తెరిచింది, ఆ ప్రోగ్రామ్‌ను ఎంచుకుంది, తీసేయమంది. తనను తాను తుడిచేసుకుని ఆగిపోయింది.

"అయిపాయె. వైరస్ ఉండె, పోయింది అని జెప్పు" అని ఫోన్ పెట్టేశాడు.

నేను అట్లా చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. మా దుకాణమే ఎక్కించిందని, దాని తాళం చాలామంది చేతుల్లో ఉందని, సునీతకు ఏ సంబంధమూ లేదని చెప్పాను. పోలీస్ స్టేషన్‌కు వస్తాను, చూసింది చూసినట్టు చెప్తాను అన్నాను.

వాళ్ల నాయిన నా వైపు తిరిగాడు. "నా బిడ్డ తప్పు లేదు. నా కండ్లతోని చూసిన. నువ్వు జెయ్యబట్టి ఎరుకైంది, నీకు దండం" అన్నాడు. నా గుండె తేలికపడింది. అంతే, ఆ క్షణం వరకే.

"స్టేషన్ ఒద్దు. పోతే పిల్ల పేరు ఊరూరికి తెలుస్తది. గా మెషిన్ మీరే తీసుకపోన్రి. హన్మకొండ గూడ ఒద్దు."

"అదేంది బాపు. తప్పు లేదంటివి గద."

"తప్పు లేదు బిడ్డా. ఇంట్ల నా ముంగట కూసుంటెనే ఎవడో బట్టల రంగు జెప్పబట్టె. గక్కడ నేనుంటనా?"

సునీత ఏడవలేదు. వాళ్లమ్మ వాళ్ల భాషలో భర్తను ఏదో అంది. ఆయన బయటికి వెళ్లిపోయాడు. గడప దాటుతూ, "మీ అమ్మ ఏమన్నది?" అని సునీతను అడిగాను.

"చేతులు పట్టుకొని కూసున్నది నేను గద, నన్ను గూడ ఒక మాట అడుగు అన్నది."

ఎవరూ అడగలేదు.

నేను పట్టింది సరైన దొంగనే. ఆ ప్రోగ్రామ్ ఏమిటో, ఎప్పుడు వచ్చిందో, ఎవరు పెట్టారో అన్నీ సరిగ్గానే చెప్పాను. ఐనా ఆ పిల్ల పుస్తకాలు సంచిలోనే ఉండిపోయాయి. మిరపకాయలు ఏరే కాలం రాగానే వాళ్లమ్మతో కలిసి కూలికి పోయిందని రవి చెప్పాడు. "చెల్లె మంచిగనే ఉందక్కా" అన్నాడు. అంతకంటే ఏం చెప్తాడు.

అద్దం ముక్క

దుకాణంలో ఆ సంగతి మళ్లీ ఎత్తాను. అన్ని ఇళ్లకూ ఫోన్ చేసి చెప్దాం, పాస్‌వర్డ్లు మార్చుదాం అన్నాను. "ఉన్న పేరు తీస్తవా?" అన్నాడు సేటు. తర్వాత కొంచెం మెత్తబడి, "సరే, మారుస్త తియ్" అన్నాడు. నేను నమ్మాను. బయట ఎవరన్నా ఏమన్నా అంటే నా కోసం లేచేవాడు కదా, అందుకేనేమో.

కొన్నాళ్లకు ఒక సెకండ్‌హ్యాండ్ మెషిన్ ఇచ్చి, "మీ ఊళ్లెనే, ఇంటికి పోయేటప్పుడు బిగించిపో" అన్నాడు. సీపీయూ డబ్బా నెత్తిన అద్దం ముక్క ఉంది. "గది గీకి పారెయ్, పాతదని తెలుస్తది" అని కూడా అన్నాడు.

రఘునాథపల్లిలో ఆ ఇంట్లో పదో తరగతి పిల్ల. నేను వైర్లు పెడుతుంటే పక్కనే కూర్చుని, ఒకటే మాటలు. వాళ్ల బడి సంగతి, సారు సంగతి. మెషిన్ లేచాక జాబితా తెరిచాను. తేదీ కొత్తది. ప్రోగ్రామ్ అదే. సునీత సంగతయ్యాక దుకాణంలో పోరగాళ్లను అడిగి తెలుసుకున్న ఆ పాత పాస్‌వర్డ్ కొట్టి చూశాను. తెరుచుకుంది.

నేను దాన్ని తీసేస్తుంటే, "ఏం తీసేస్తున్నవక్కా?" అంది ఆ పిల్ల.

"మా షాపోళ్లను" అన్నాను.

తను నవ్వింది, జోక్ అనుకుంది. వాళ్లమ్మను పిలిచి ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. జాబితా ఎట్లా చూడాలో చూపించాను. కెమెరా మీద వేయడానికి గుడ్డముక్క ఇచ్చాను. మూలన ఎవరి పేరైనా కనబడితే, మా దుకాణం పేరైనా సరే, వైరు పీకేయమన్నాను. తర్వాత సేటుకు ఫోన్ చేసి రేపట్నుంచి రానని చెప్పాను. "ఎందుకే, ఏమైంది?" అన్నాడు. నిజంగానే ఆయనకు తెలియదు. చెప్పినా అర్థం కాలేదు.

లేచి వచ్చేస్తుంటే ఆ పిల్ల డబ్బా మీద వేలు పెట్టి, "గీ అద్దం ఏందక్కా? తియ్యాల్నా?" అంది.

"ఉండనియ్" అన్నాను.